సర్దార్ చేతులు జోడించిన ఉదయం

వినాయక చవితి వెళ్లిన మర్నాడు రాజకుమారి అయిదింటికే లేచి, ఆ పూట చేయవలసిన పనులను మనసులో వరుసగా పేర్చుకుంది. ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ లేకుండా సదయ్యకు టిఫిన్ డబ్బా కట్టాలి. వంటగది గట్టు మీద బారులు తీరిన చీమలను ఒక్కటీ చావకుండా పెరట్లోకి మళ్లించాలి. భర్త షిఫ్టుకు బయల్దేరే లోపు అతని చేత ఒక మాట ఇప్పించుకోవాలి. ఆ తరువాత తాను కాలనీలో ఏడుగురి ఇళ్లకు వెళ్లి క్షమాపణ అడిగి రావాలి. గొడుగు పట్టుకుని బయల్దేరితే పన్నెండింటికల్లా ఇదంతా ముగుస్తుందని ఆమె అంచనా. కరీంనగర్లో బీఏ చదివి, ముప్పై ఏళ్లుగా కంపెనీ క్వార్టరులో ఒక్క రోజూ పాలు పొంగనివ్వని మనిషి. ఆమె అంచనాలు సాధారణంగా తప్పవు.

ఈ క్షమాపణల సంగతి కాంతాబాయి దగ్గర మొదలైంది. లక్ష్మీనగర్ బజార్లో బట్టల దుకాణం నడిపే కాంతాబాయి వాళ్లది రాజస్థాన్ నుంచి వచ్చిన జైన కుటుంబం. వచ్చి మూడు తరాలైంది కాబట్టి ఆమె మాట్లాడే తెలుగు రాజకుమారి తెలుగు కంటే ఎక్కువ తెలంగాణది. కిందటేడు ఇదే రోజు ఆమె కౌంటరు వెనక నుంచి లేచి వచ్చి రెండు చేతులూ జోడించింది.

“మిచ్ఛామి దుక్కడం అక్కా. తెలిసిగాని తెల్వకగాని నీ మనసు నొప్పిస్తే మాఫ్ చెయ్యి.”

రాజకుమారికి ఆరేళ్ల కింద ఒక్క ఉతుకుకే రంగు దిగిపోయిన జాకెట్టు గుడ్డ గుర్తుకొచ్చింది. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు, మరిచిపోనూ లేదు. ఆ క్షణంలో అది కూడా రంగు దిగినంత సులువుగా మనసులోంచి దిగిపోయింది. దాంతో ఈ ఏడు కాంతాబాయి వాళ్లు పాటించే ఎనిమిది రోజుల నియమం తానూ పట్టింది.

“చంపుడొక్కటే హింస అనుకుంటరక్కా,” అని కాంతాబాయి మొదటి రోజే చెప్పింది. “చూడకుండ అడుగేసుడు హింసనే. ఆలోచించకుండ మాట ఇసురుడు హింసనే. జాగర్త లేకుండ ఏది చేసినా గంతే.”

రాజకుమారి ఏ పనీ సగం చేయదు. ఎనిమిది రోజులూ ఇంట్లో నీళ్లు గుడ్డతో వడకట్టాకే తాగారు. పొద్దు గూకకముందే తిన్నారు. వానకు లేచిన ఉసిళ్లు బల్బుకు తగిలి చావకుండా వాకిట్లో లైటు ఆర్పేశారు. బొద్దింకలు చేటలో కూర్చుని గౌరవంగా బయటికి వెళ్లాయి. దోమను కొట్టబోయిన సదయ్య చేతిని ఆమె గాల్లోనే పట్టుకుంది.

“నేను తాగే నీళ్లల్ల పురుగుకు గుడ్డ కట్టినవ్,” అన్నాడు సదయ్య. “నన్ను తాగే పురుగుకు ఎవలు గుడ్డ కట్టాలె?”

మర్నాడు ఆమె దోమతెర కట్టింది.

సదయ్య బొగ్గుబావిలో సర్దార్. షిఫ్టు మొదట్లో బొగ్గు తీసే చోటికి అందరికంటే ముందు అతనొక్కడే వెళ్లాలి. పైకప్పును కర్రతో తట్టి, శబ్దం విని, అతను సరే అన్నాకే మిగతా తొమ్మిది మంది అడుగు వేయాలి. వాళ్ల ప్రాణాలకు అతను జవాబుదారీ. సర్దార్ అయిన ఈ పద్నాలుగేళ్లలో అతని మనుషుల్లో ఒకరికి వేలు కూడా చితకలేదు. అది తన చెవి గొప్పతనమని అతను అనేవాడు. నోటి గొప్పతనమని ఆ తొమ్మిది మంది అనేవాళ్లు. ఆ నోరు నూరు గజాల దూరంలో ఉన్నవాణ్ని కూడా నిలబెట్టగలదు, వాడి తండ్రినీ తాతనూ కలిపి.

రిటైరు కావడానికి ఇంకా పద్దెనిమిది నెలలుంది. ఆఖరి రోజు కూడా సర్దార్‌గానే బావిలోకి దిగి, పైకొచ్చి, టోపీ దీపం అప్పగించి ఇంటికి రావాలని అతని పట్టుదల. నిరుడు సాటి సర్దార్ ఒకాయనకు బావిలో కళ్లు తిరిగితే, పైన ల్యాంపురూములో కిటికీ వెనక కూర్చుని దీపాలిచ్చే పనికి మార్చారు. అప్పటి నుంచి ఆ కిటికీ ముందు నిలబడి దీపం తీసుకునేటప్పుడు సదయ్య లోపలికి చూడడు.

ఆ ఉదయం అతను చాయ్ గ్లాసు ఎత్తబోతుంటే రాజకుమారి ఎదురుగా వచ్చి చేతులు జోడించింది.

“తెలిసిగాని తెల్వకగాని, మాటతోనిగాని మనసుతోనిగాని నిన్ను నొప్పిస్తే మాఫ్ చెయ్యి.”

సదయ్య గ్లాసు కింద పెట్టాడు. “ఏం చేసినవ్?”

“ఏం చెయ్యలే.”

“మీ తమ్మునికి ఏమన్న మాటిచ్చినవా?”

“ఇయ్యలే.”

“నా బండి ఎవలన్న తీస్కపోయిండ్రా?”

“బండి వాకిట్లనే ఉన్నది, చూడు.”

సదయ్య నిజంగానే లేచి వెళ్లి చూసి వచ్చాడు. “ఏం చెయ్యకుండ ఎవలన్న మాఫీ అడుగుతరా రాజీ? నాకు భయమైతున్నది.”

ఆమె కాంతాబాయి చెప్పినదంతా వివరించి, చివర తన కోరిక చెప్పింది. “ఇయ్యాల నువ్వు గూడ నీ మనుషులను అడుగు.”

“సర్దార్ మాఫీ అడుగుడా? రేపు ఎవడన్న నా మాట ఇంటడా?”

“పోయిన వారం వీరేందర్ను అందరి ముందట ఎట్ల తిట్టినవో నువ్వే చెప్పినవ్.”

“కప్పుకు సపోర్టులు పెట్టని జాగల నుంచి బయటికి రాంగ కండ్లార చూసిన. పోలే అని నా మొఖం మీదనే అన్నడు.”

“దానికి వాన్ని అను. వాళ్ల నాయిన ఏం చేసిండు?”

ముప్పై ఏళ్ల వీరేందర్ బీటెక్ చదివి, తండ్రి పోయాక ఆయన ఉద్యోగంలో చేరాడు. ఆ తండ్రి సదయ్యకు ప్రాణ స్నేహితుడు. ఆ తిట్టు తరువాత వీరేందర్ పని మాట తప్ప మరొకటి మాట్లాడడం లేదని సదయ్యకు లోపల గుచ్చుకుంటూనే ఉంది. చాయ్ ఒక్క గుక్కలో తాగి, “అడుగుత తియ్,” అన్నాడు. మాటిస్తే తప్పే మనిషి కాదు. ఆ పూట కొంప ముంచింది ఆ సుగుణమే.

ఏడింటికి పావుగంట ముందు, బావి దగ్గర హాజరు మస్టరు పడ్డాక, తొమ్మిది మందీ బూట్లు, దీపాలు తగిలించుకుని నిలబడ్డారు. రాజకుమారి నేర్పిన వాక్యాన్ని సదయ్య దారి పొడుగునా వల్లె వేసుకున్నాడు గానీ, తీరా వాళ్ల ముఖాలు చూసేసరికి మధ్య భాగం జారిపోయింది. మిగిలిన దాన్ని తన మాటల్లో పూరించాడు.

“ఇగో, ఇనుండ్రి. ఇన్నేండ్లల్ల మిమ్ముల చానా మాటలన్న. అందరు నన్ను మాఫ్ చెయ్యుండ్రి. మనసుల ఏం పెట్టుకోకుండ్రి. ఇయ్యాల్టితోని అన్నీ అయిపోవాలె.”

అని చేతులు జోడించాడు. వీరేందర్ తండ్రి గుర్తుకొచ్చి కళ్లు కూడా తుడుచుకున్నాడు.

బావిలోకి దిగే మనిషి ‘పోతున్న’ అనడు, ‘పోయొస్త’ అంటాడు. వెళ్లేవాణ్ని ఇంటివాళ్లు వెనక నుంచి పిలవరు. అటువంటి చోట సర్దార్ అనేవాడు బావి మొగదల నిలబడి, కన్నీళ్లతో అందరి దగ్గరా సెలవు తీసుకోవడం అక్కడెవరూ చూసి ఎరగరు. వాళ్లలో పెద్దవాడు, పైకప్పుకు సపోర్టులు నిలబెట్టే పోశం, టోపీ మీది దీపం ఊడదీసి చేతిలో పట్టుకున్నాడు.

“నేను దిగ.”

“ఎందుకే?”

“ముందు నువ్వు చెప్పు సదయ్యా. పొద్దుగాల కలేమన్న పడ్డదా?”

“కల లేదు ఏం లేదు.”

డ్రిల్లు నడిపే టిమోతి ముందుకొచ్చాడు. “నిన్న కప్పు తట్టినప్పుడు సప్పుడేమన్న తేడా ఇన్నవా అన్నా? ఇని మాకు చెప్తలేవా?”

“సప్పుడు మంచిగనే ఉన్నది.”

“మరి మాఫీ ఎందుకు?”

మామూలుగా అయితే ఇక్కడ సదయ్య ఒక్క కేక వేసేవాడు, తొమ్మిది మందీ పరుగున దిగేవాళ్లు. మాఫీ అడిగిన నోటితో రెండు నిమిషాలైనా కాకముందే అరవడం బాగుండదని అతను తమాయించుకున్నాడు.

“పోదాం నడువుండ్రి నాయినా,” అన్నాడు మెత్తగా.

ఆ ‘నాయినా’తో వాళ్లకు మిగిలి ఉన్న ధైర్యం కూడా పోయింది.

మేనేజర్ రఘుపతి వచ్చేసరికి తొమ్మిది దీపాలూ నేల మీద ఉన్నాయి. కోస్తా నుంచి వచ్చిన మనిషి, నెమ్మదస్తుడు. “పైకప్పు గురించి నీకేమైనా అనుమానం ఉందా సదయ్యా?” అని అడిగాడు.

“లేదు సార్.”

“మరి వీళ్లను క్షమాపణ ఎందుకు అడిగావు?”

“మా ఇంటామె చెప్పింది సార్.”

రఘుపతి అతని ముఖంలోకి చూశాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు. నిన్నటిదాకా పిడుగులాంటి మనిషి. ఇవాళ కంట నీరు, నోట నాయినా, పైగా ఇంటామె చెప్పిందట. తొమ్మిది మంది ప్రాణాలను ఇటువంటి స్థితిలో ఉన్నవాడికి అప్పగించడం ఎట్లా?

“డిస్పెన్సరీకి వెళ్లి చూపించుకో. డాక్టరు రాసిచ్చేదాకా కిందికి వద్దు.”

“నాకేం రోగం సార్?”

“అది డాక్టరు చెబుతారు. అవసరమైతే మిగిలిన నెలలు ల్యాంపురూములో తేలిక పని చూద్దాం.”

సదయ్య నోట మాట రాలేదు. అలవాటు లేని ఆ మౌనం మేనేజరు అనుమానాన్ని మరింత బలపరిచింది. ఎందుకైనా మంచిదని వేరే అధికారి ఒకాయన లోపలికి వెళ్లి పైకప్పు అంతా తట్టి చూసి, ఏ లోపమూ లేదని చెప్పాడు. అయినా తొమ్మిది మంది దిగలేదు. “మా సర్దార్ లేకుండ ఎవలెనక దిగాలె?” అని పోశం అందరి తరఫునా చెప్పి, సదయ్య వెనకే డిస్పెన్సరీకి నడిచాడు. మిగతావాళ్లు పోశం వెనక నడిచారు. ఆ చోట ఆ పూట బొగ్గు కదలలేదు.

ఇంటి దగ్గర రాజకుమారి చీమలను పెరట్లోకి చేర్చి, గొడుగు తీసుకుని, జాబితాలో మొదటి పేరైన పోశవ్వ ఇంటికి బయల్దేరబోతోంది. పోశవ్వ పోశం భార్య, పక్క వరుసలోనే ఉంటుంది. తీరా చూస్తే ఆమే తడుస్తూ ఎదురొచ్చింది. రాజకుమారికి ఏమీ చెప్పొద్దని, ఊరికే పక్కన కూర్చొమ్మని పోశం డిస్పెన్సరీ నుంచి ఆమెకు ఫోన్ చేశాడు. పోశవ్వ వచ్చి, ఏమీ చెప్పకుండా, అరుగు మీద కూర్చుంది.

“మంచిగ నువ్వే వచ్చినవ్ అక్కా,” అంటూ రాజకుమారి గొడుగు ఆనించి చేతులు జోడించింది. “తెలిసిగాని తెల్వకగాని నిన్ను నొప్పిస్తే మాఫ్ చెయ్యి.”

పోశవ్వ ముఖం పాలిపోయింది. “నీకు గూడనా చెల్లే?”

“నాకు గూడ ఏంది?”

“ఏం లేదు, ఏం లేదు. ఇప్పుడన్నిటికి మందులున్నయి. హైదరాబాద్ పంపుతరు.”

“ఎవల్ని?”

పోశవ్వ కొంగుతో ముఖం కప్పుకుంది. “నేనే నిన్ను మాఫీ అడగాలె చెల్లే. పోయినేడు నీ కరివేపాకు చెట్టు ఎండిపోయింది గదా. చెదలు గావు. రోజు సర్ఫు నీళ్లు దాని మొదట్లనే పోసిన. చెప్పుడెట్ల అని చెప్పలే.”

ఆ ఎనిమిది రోజులూ రాజకుమారి తన కరివేపాకు చెట్టును తిన్న నేరానికి చెదలను ప్రత్యేకంగా క్షమిస్తూ వచ్చింది. ఇప్పుడు చెదలను తిరిగి క్షమాపణ అడగాలా అన్న ప్రశ్న తలెత్తింది. దాన్ని తేల్చుకునేలోపు మోటారు సైకిల్ వచ్చి ఆగింది. దిగినవాడు ఉపేందర్, ఆ బావి దగ్గర యూనియన్ కార్యదర్శి.

“వదినే, సూటిగ అడుగుతున్న. అన్న ఏ జెండా కింద నిలబడుతున్నడు?”

“యాడ నిలబడుతున్నడు?”

“నాకు దాస్తున్నవా? బాయి మీద అందరికి చేతులు జోడించిండట. ఓట్లు లేకుండ బాయి మీద చేతులు జోడించినోన్ని ఇరవై ఏండ్లల్ల నేను చూడలే. ఒక్క మాటతోని తొమ్మిది మంది పని ఆపి ఎనుకొచ్చిండ్రు. మేం మూడు నెలల సంది గేటు మీటింగు పెడుతున్నం, ముగ్గురు రారు.”

“ఇప్పుడు యాడున్నడు?”

“డాక్టరు కాడ.”

షిఫ్టు మధ్యలో, వాకిట్లోకి ఇద్దరు మనుషులు వచ్చి, ఒకరు ఏడుస్తూ, ఒకరు డాక్టరు పేరెత్తితే, బొగ్గుబావుల ఊళ్లో ఏ ఆడమనిషికైనా తట్టేది ఒకటే. రాజకుమారి తలుపు కూడా వేయకుండా ఉపేందర్ బండి ఎక్కింది. పోశవ్వ కేకకు పక్క వరుసలోంచి మరో ముగ్గురు ఆడవాళ్లు వచ్చి ఆమెతోపాటు ఆటో ఎక్కారు. దారిలో ఉపేందర్ చెప్పిన దాన్నిబట్టి మనిషి క్షేమమని తెలిసి ఆమె ఊపిరి పీల్చుకుంది. ఆ ఊరట కల్లు దుకాణం మలుపు దాకా కూడా నిలవలేదు. “మేనేజరు అన్నను ల్యాంపురూముల కూసోబెడుతడట వదినే,” అన్నాడు ఉపేందర్. ఎనిమిది రోజులుగా చీమకు కూడా హాని చేయని తాను, ముప్పై నాలుగేళ్లుగా బావిలో దిగుతున్న సర్దార్‌ను ఒక్క వాక్యంతో కిటికీ వెనక కూర్చోబెట్టబోతోందని ఆమెకు అప్పుడు అర్థమైంది.

డిస్పెన్సరీలో డాక్టరమ్మ సదయ్యకు మూడోసారి బీపీ చూస్తోంది. “పోయిన పరీక్షలో నూట అరవై ఉండె. ఇవాళ నూట ఇరవై. ఈ కాలనీలో మీ వయసు వాళ్లలో ఇంత మంచి బీపీ నేను చూడలే. ఏం మందు వాడుతున్నారు?”

“మందు లేదమ్మా. మా ఇంటామె వారం సంది ఇంట్ల అరవనిస్తలేదు.”

“ఒంట్లో ఏ దోషమూ లేదు సార్,” అంది డాక్టరమ్మ వెనకే నిలబడి ఉన్న రఘుపతితో.

“ఒంటి సంగతి సరే,” అన్నాడు రఘుపతి. “మనసు సంగతి కూడా చూడండి.”

అప్పుడే రాజకుమారి లోపలికి వచ్చింది. తడిసిన చీర కొంగు పిండుకుని, మేనేజరు ముందు నిటారుగా నిలబడింది. “సార్, తప్పు నాది,” అని మొదలుపెట్టి కాంతాబాయి దగ్గర్నుంచి చీమల దాకా, ఉపేందర్ అడిగిన జెండా దాకా ఒక్కటీ వదలకుండా, ఒక్కటీ పెంచకుండా చెప్పింది. “మాఫీ అడుగుమన్న గని, బాయిల దిగేముందు అడుగొద్దని చెప్పలే. ఇంటి మనిషిని, నాకు తట్టలే. ఎక్కినంక అడుగుమనాల్సింది.”

రఘుపతి ముఖంలో బిగువు సడలింది. “అయితే జబ్బు లేదు, చెడ్డ కల లేదు, ఎన్నికలు లేవు.”

“లేవు సార్.”

“సరే. డాక్టరుగారూ, పనికి తగినవాడని రాసివ్వండి.”

సంగతి అక్కడితో తీరిపోవలసింది. కానీ గది బయట వరండాలో ఉన్నవాళ్లకు ఈ మాటలేవీ వినపడలేదు. వాళ్లకు కనిపించింది, అప్పుడే ఆటోలోంచి ఏడుస్తూ దిగిన నలుగురు ఆడవాళ్లు. సదయ్యకు పెద్ద రోగమేదో తేలిందని వాళ్లు ఖాయం చేసుకున్నారు. సదయ్య గడప దాటి బయటికి రాగానే పోశం టోపీ తీసి చేతులు జోడించాడు.

“సదయ్యా, పొద్దుగాల నువ్వడిగినవ్. మేం గూడ అడగాలె గదా. పోయిన నెల మూలకు సపోర్టు పెట్టిన అని చెప్పిన. పెట్టలే. మోకాళ్లు నొచ్చినయి. రెండో షిఫ్టోళ్లు వచ్చి పెట్టిండ్రు.”

సదయ్య వెనకే వస్తున్న రఘుపతి ఆగిపోయాడు.

“నేను గూడ అన్నా,” అన్నాడు టిమోతి. “జల్ది అయితదని రెండుసార్లు నీళ్లు పెట్టకుండ పొడి డ్రిల్లు కొట్టిన. దుమ్మంత మనోళ్ల ఊపిరిలకే పోయింది.”

“ఇగ ఊకోండ్రి,” అన్నాడు సదయ్య కంగారుగా, చెయ్యెత్తి. ఆ చెయ్యి తమను దీవిస్తోందనుకుని మిగిలినవాళ్లు తోసుకుంటూ ముందుకొచ్చారు. ఒకడు పాత దారిలో పడుకుని నిద్రపోయాడు. ఒకడు బొగ్గు మోస్తూ నడుస్తున్న బెల్టు మీద నుంచి దాటాడు. పద్నాలుగేళ్ల మచ్చలేని పేరు మేనేజరు కళ్లెదుట పెళ్లలు పెళ్లలుగా రాలుతుంటే, సదయ్య ఒక్కొక్కడి ముఖం చూస్తూ నిలబడిపోయాడు.

చివర వీరేందర్ వచ్చాడు. అతను చేతులు జోడించలేదు, తల కూడా ఎత్తలేదు.

“ఆ రోజు నేను పోయిన అన్నా. సపోర్టులు పెట్టని జాగలకే. టిఫిన్ డబ్బా అక్కడ మర్సిపోయి తెచ్చుకున్న. నేను బయటికొచ్చిన రెండు నిమిషాలకు సరిగ్గ అక్కడనే మంచమంత పెళ్ల ఊడిపడ్డది. నువ్వు తిడుతుంటె, పోలే అన్న. ఎవలకూ చెప్పలే. ఇంట్ల గూడ.”

పోశవ్వ కూడా ఏడుపు ఆపింది. సదయ్య అరుస్తాడని అందరూ ఎదురుచూశారు. అతను మాత్రం దగ్గరికి వెళ్లి వీరేందర్ భుజం మీద చెయ్యి వేసి, అది అక్కడ ఉందో లేదో చూసుకుంటున్నట్టు గట్టిగా పట్టుకున్నాడు. అట్లాగే ఉండి మేనేజరు వైపు తిరిగాడు.

“సార్, ఇవన్ని నా షిఫ్టులనే అయినయి. కప్పును తట్టి సప్పుడు ఇన్న గని, మనుషులను తట్టి ఇనలే. నేను అరిస్తె ఎవడు చెప్తడు? నన్ను ల్యాంపురూముకు పంపుండ్రి. వీళ్లకు మాత్రం చార్జిషీట్లు ఇయ్యకుండ్రి.”

ముప్పై ఏళ్ల కాపురంలో రాజకుమారి ఈ మనిషి చొక్కా బొత్తాం దగ్గర నుంచి వాక్యం దాకా ఏదో ఒకటి సరిదిద్దుతూనే వచ్చింది. ఇప్పుడు సరిదిద్దడానికి ఆమెకేమీ కనపడలేదు. తల ఎత్తి, పోశవ్వ పక్కకు జరిగి, నా భర్త అని ఎవరికైనా చెప్పాలన్నట్టు నలుగురి ముఖాలూ చూసింది. అక్కడ తెలియనివాళ్లెవరూ లేరు.

రఘుపతి డ్రైవరును పిలిచి ఆఫీసు నుంచి ఒక పుస్తకం తెప్పించాడు. అట్ట కొత్తగా ఉంది. లోపల పేజీలు అట్ట కంటే కొత్తగా ఉన్నాయి.

“ఇది నియర్ మిస్ పుస్తకం,” అన్నాడు. “ప్రమాదం జరగబోయి వెంట్రుకవాసిలో తప్పిపోతే ఇందులో రాయాలి. అది చదివి, రెండోసారి అట్లా జరగకుండా చూసుకోవాలి. నేనీ బావికొచ్చి మూడేళ్లయింది. ఇందులో ఒక్క అక్షరం లేదు.”

“రాసినోన్నే ముందు పట్టుకుంటరు గదా సార్,” అన్నాడు ఉపేందర్.

“నేను పట్టుకోను. ఎవరికీ చార్జిషీటు లేదు, ఎవరూ ల్యాంపురూముకు పోవడం లేదు. ఇప్పుడు చెప్పినవన్నీ రాయండి.”

పోశం తన చేతులు చూసుకున్నాడు. టిమోతి పోశం వైపు చూశాడు. చివరికి పుస్తకం రాజకుమారి చేతికి వచ్చింది. ఆమె డిస్పెన్సరీ బల్ల మీద కూర్చుని, మార్జిను గీసి, ఒక్కొక్కరినీ పిలిచింది.

“మూల అంటె ఎటు దిక్కు మూల అన్నా?”

“గా మూలనే, చెల్లే.”

“గా మూల అని రాస్తె ఎవలకు తెలుస్తది? తారీఖు చెప్పు. సపోర్టు ఎందుకు పెట్టలేదో గూడ చెప్పు.”

“మోకాళ్లని రాస్తవా?”

“నిజమే గదా. రాస్త.”

మేనేజరు మూడేళ్లలో రాబట్టలేని వివరాలను ఆమె నలభై నిమిషాల్లో రాబట్టింది. తొమ్మిదోది వీరేందర్‌ది. దాన్ని రాసేటప్పుడు మాత్రం ఆమె పెన్ను ఒకచోట ఆగి మళ్లీ కదిలింది. ముగించి పుస్తకం మూయబోతుంటే రఘుపతి పేజీ మీద చెయ్యి పెట్టి ఆపాడు.

“నాదీ ఒకటుందమ్మా. పైవాళ్లు ప్రతి నెలా అడిగినప్పుడు, మా బావిలో ఇటువంటివి ఏమీ లేవని మూడేళ్లుగా రాసి పంపుతున్నాను. నిజం కాదని తెలుసు.”

రాజకుమారి పెన్ను ఎత్తింది. “ఇది గూడ ఇందులనే రాయాల్నా సార్?”

రఘుపతి కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. “రాయండి,” అన్నాడు.

షిఫ్టు ఇంకా సగం మిగిలి ఉంది. సదయ్య మెట్లు దిగి, జీపు పక్కన నిలబడి, గుండెల నిండా గాలి పీల్చి, “అందరు ఎక్కుండ్రి, జల్ది” అని ఒక్క కేక వేశాడు. డిస్పెన్సరీ కిటికీ అద్దాలు అదిరాయి. తొమ్మిది మంది ముఖాలూ విప్పారాయి. “ఇగ ఫికర్ లేదు, మనిషి బతుకుతడు,” అని పోశం పోశవ్వతో చెప్పి అందరికంటే ముందు జీపెక్కాడు. ఆ కేకను రాజకుమారి కూడా శ్రద్ధగా విన్నది. అందులో ఎవరి తండ్రి గాని, తాత గాని లేరు.

తరువాతి నెలలో ఆ పుస్తకాన్ని చూడడానికి పైనుంచి అధికారులు వచ్చారు. మూలకు సపోర్టు పెట్టేవాళ్లకు ఇద్దరేసి మనుషులనిచ్చారు. పెళ్ల ఊడిపడిన చోట పైకప్పుకు బోల్టులు దగ్గరదగ్గరగా కొట్టారు. రాజకుమారి చేతిరాతను జిరాక్సు తీసి, ఎట్లా రాయాలో తెలియడానికని చుట్టుపక్కల బావులన్నిటికీ పంపారు. కాంతాబాయి ఆ కాగితాన్ని అడిగి తీసుకుని దుకాణంలో గల్లాపెట్టె పైన అంటించింది. ఎవరైనా అడిగితే, “మా అక్క రాసింది. బాయిలోళ్లు గూడ మా నియమం పట్టిండ్రు,” అని చెప్పి, తరువాతే చీరలు చూపించేది.

దీపావళికి ముందు ఒకరోజు సదయ్య నోటీసు బోర్డు మీద పెట్టిన సర్క్యులర్ ప్రతి ఒకటి మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఇకపై ప్రతి నెలా మొదటి రోజు, షిఫ్టు దిగి పైకొచ్చాక, ప్రతి సర్దార్ తన మనుషులనూ, మనుషులు తమ సర్దార్‌నూ నిర్ణీత నమూనాలో మూడు ప్రతులతో క్షమాపణ అడగాలని అందులో ఉంది. రాజకుమారి నిలబడే దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివింది. ‘పైకొచ్చాక’ అన్న మాట దగ్గర ఆగి, భర్త వైపు గర్వంగా చూసి, మళ్లీ చదివింది.

క్షమాపణ అడగనివారిపై కఠిన చర్యలు తీసుకోబడునని ఆఖరి పేరాలో ఉంది.